ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది కదా, ఇంకా ప్రోటీన్ నిర్మాణాల మీద పీహెచ్‌డీ ఎందుకు?

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. తర్వాత చదివేవాళ్ళ కోసం నీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్తాను. చెన్నై గిండీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం, బెంగళూరులో ప్రోటీన్ నిర్మాణాలు తేల్చే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది, కానీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ బావ "ఆ పనంతా ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ నిమిషాల్లో చేసి పెడుతోంది, దానికోసం ఐదారేళ్ళు తగలేసుకుంటావా" అన్నాడు. (ఆల్ఫాఫోల్డ్ అంటే, అమైనో ఆమ్లాల వరస ఇస్తే ఆ ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ ప్రోగ్రామ్.) దానికి తోడు నీ సొంత అనుమానం ఒకటి, అసలు ఒక ప్రోటీన్ ఆకారం తెలిసినంత మాత్రాన కణం ఎలా పనిచేస్తుందో ఎలా తెలుస్తుంది అని.

మీ బావ అన్నదాంట్లో సగం నిజమే ఉంది. కానీ ఆయన ప్రశ్న కన్నా నీ అనుమానమే ముఖ్యం. అది తీరితే ఆయనకి ఏం చెప్పాలో నీకే తెలుస్తుంది, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతా. (నేను ఈ పనిలో ఉండి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు బెంగళూరులోనే. మొదట క్రిస్టల్స్, అంటే ప్రోటీన్‌ని స్ఫటికంగా మార్చి ఎక్స్‌రేలతో చూడటం, ఈమధ్య ఎక్కువగా క్రయో-ఈఎం, అంటే గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూడటం.)

ఒక్క ఉదాహరణే తీసుకుంటా, కానీ వివరంగా. నాడీ కణాల పొరలో పొటాషియం చానళ్ళు, అంటే పొటాషియం అయాన్లను పొర దాటించే ప్రోటీన్ దారులు, ఉంటాయని చదివే ఉంటావు. ఇలాంటి చానల్ ఒక్కదాని గుండా సెకనుకు 10 కోట్ల దాకా పొటాషియం అయాన్లు దూసుకుపోగలవు, సోడియం మాత్రం పోలేదు, పదివేల పొటాషియం అయాన్లకు ఒక సోడియం దాటితే ఎక్కువ. తిరకాసు ఎక్కడుందంటే, రెండిట్లో సోడియమే చిన్నది. దాని వ్యాసార్ధం 0.95 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు), పొటాషియానిది 1.33. పెద్దదాన్ని అంత వేగంగా వదిలే దారి చిన్నదాన్ని ఎలా ఆపుతోంది? చానళ్ళ గుండా పోయే కరెంటును దశాబ్దాల పాటు కొలిచారు, ఏ అమైనో ఆమ్లాన్ని మారిస్తే ఈ ఎంపిక దెబ్బతింటుందో కూడా పట్టుకున్నారు, అయినా ఎలా అన్నది తేలలేదు.

1998లో రాడెరిక్ మెకినన్ బృందం స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియాలోని కేసీఎస్ఏ అనే చానల్ నిర్మాణం బయటపెట్టింది. చూస్తే, దారి అన్నిటికన్నా ఇరుకయ్యే చోట ప్రోటీన్ వెన్నెముకలోని, అంటే అమైనో ఆమ్లాలను కలిపే ప్రధాన గొలుసులోని, కార్బొనిల్ ఆక్సిజన్లు లోపలికి తిరిగి వరసగా నిలబడి ఉన్నాయి. నీళ్ళలో ఉన్నప్పుడు పొటాషియం చుట్టూ నీటి అణువుల ఆక్సిజన్లు ఎంత దూరంలో ఉంటాయో, ఇక్కడ ఈ ఆక్సిజన్లూ ఇంచుమించు అంతే దూరంలో ఉన్నాయి. అంటే పొటాషియం తన చుట్టూ ఉన్న నీళ్ళు వదిలేసి లోపలికి వచ్చినా దానికి నష్టమేమీ లేదు. సోడియం చిన్నది కావడంతో ఆ ఆక్సిజన్లు దానికి సరిగా అందవు, నీళ్ళు వదులుకున్నందుకు పెట్టిన శక్తి తిరిగి రాదు, అందుకే బయటే ఆగిపోతుంది. ఆ ఇరుకు భాగం నిజానికి ఎంత బిగుతుగా ఉంటుంది, అయాన్లు ఒకదాని వెనక ఒకటి ఎలా నడుస్తాయి అన్నదాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి, నడుస్తూనే ఉన్నాయి, ఆ గొడవలోకి ఇప్పుడు వెళ్ళను. నీ అనుమానానికి కావలసింది ఇంతవరకే. దశాబ్దాలుగా కొలతలుగా మాత్రమే ఉన్న ఒక విషయం, ఫలానా అణువులు ఫలానా దూరంలో ఉన్నాయి అని తెలియగానే కారణంతో సహా అర్థమైంది.

మరి ఆ ఒక్క నిర్మాణంతో కథ అయిపోయిందా అంటే, లేదు. 1998లో వాళ్ళు చూసింది చానల్ లోపలివైపు గేటు మూసుకున్న స్థితి. తెరుచుకుంటే ఎలా ఉంటుందో 2002లో ఎంటీహెచ్‌కే అనే ఇంకో చానల్‌లో, కాల్షియం అంటుకున్న స్థితిలో చూస్తే గానీ తెలియలేదు. రెండూ పక్కపక్కన పెట్టాకే గేటు ఎక్కడ వంగుతుందో కనిపించింది. ఇంకో సంగతి, మెకినన్ చదివింది వైద్యం. చానల్ ప్రశ్న వదలక, దానికోసం క్రిస్టలోగ్రఫీ తర్వాత నేర్చుకున్న మనిషి. 2003లో నోబెల్ వచ్చింది. టెక్నిక్ ముందు నేర్చుకొని తర్వాత ప్రశ్న వెతుక్కున్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ నిర్మాణాలు చాలా ప్రోటీన్ డేటాబ్యాంకులో, అంటే ప్రపంచమంతా తేల్చిన నిర్మాణాలు దాచే చోట, అలా పడి ఉన్నాయి, దేనికి పనికొస్తుందో తెలియని ప్రోటీన్ అన్న లేబుల్‌తో. ఆకారం అద్భుతంగా ఉంటుంది, కణంలో అది ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. కాబట్టి నీ అనుమానం సరైనదే. ప్రశ్న ముందుగా లేకపోతే నిర్మాణం నోరు విప్పదు.

ఇక ఆల్ఫాఫోల్డ్. దాన్ని తీసిపారేసే సీనియర్లు అక్కడక్కడా తగులుతారు, వాళ్ళ మాట పట్టించుకోకు. 2020లో క్యాస్ప్ అనే, ప్రోటీన్ ఆకారాలను అంచనా వేసే పోటీలో అది చూపించిన ఫలితాలు చూసి మాలో చాలామందికి నోట మాట రాలేదు. 2022 జూలై నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనాలు ఉచితంగా పెట్టేశారు. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం అది తయారుచేసిన హసాబిస్‌కీ జంపర్‌కీ, మిగతా సగం కొత్త ప్రోటీన్లను డిజైన్ చేసే డేవిడ్ బేకర్‌కీ ఇచ్చారు. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఏ ప్రోటీన్ మొదలుపెట్టినా మొట్టమొదట దాని అంచనానే తెరుస్తాం, జన్యువు ఎక్కడ కత్తిరించి క్లోన్ చేయాలో దాన్ని చూసే నిర్ణయిస్తాం. అయితే అది నేర్చుకున్నది దేన్నుంచి? 1971లో 7 నిర్మాణాలతో మొదలై ఇప్పుడు 2 లక్షలు దాటిన ప్రోటీన్ డేటాబ్యాంకు నుంచి, దాంతోపాటు రకరకాల జీవుల నుంచి పోగైన కోట్లాది సీక్వెన్స్‌ల, అంటే అమైనో ఆమ్లాల వరసల నుంచి. ఆ డేటాబ్యాంకులో ఉన్న ప్రతి నిర్మాణం వెనకా ఎవరో ఒకరు చలిగదిలో నిలబడి ప్రోటీన్‌ని శుద్ధిచేసే కాలమ్ నడిపారు.

దాని పరిమితులు మాటల్లో చెప్తే మీ బావ ఒప్పుకోడు, నువ్వే తెరిచి చూపించు. ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో మనిషి పీ53 ప్రోటీన్ వెతుకు, క్యాన్సర్ పాఠంలో వచ్చేదే. మొత్తం 393 అమైనో ఆమ్లాలు. మధ్యలో డీఎన్ఏని పట్టుకునే భాగం ముదురు నీలంలో గట్టిగా కనిపిస్తుంది, అంటే నమ్మకం స్కోరు 90కి పైన. రెండు చివరలకు వెళ్ళేసరికి చాలామేరకు పసుపు, నారింజ రంగుల్లో తాడూ బొంగరం లేకుండా గాల్లో తేలుతున్న రిబ్బన్లు. నారింజ అంటే స్కోరు 50 కన్నా తక్కువ, అక్కడ గీసిన ఆకారాన్ని ఆకారంగా తీసుకోకూడదని అర్థం. అది ప్రోగ్రామ్ తప్పు కాదు, ఆ భాగాలకు విడిగా ఉన్నప్పుడు స్థిరమైన ఆకారమే లేదు. కానీ కణంలో పీ53ని అదుపులో పెట్టే ఎండీఎం2 అనే ప్రోటీన్ వచ్చి పట్టుకునేది మొదటి చివరలోని అలాంటి భాగాన్నే, పట్టుకున్నప్పుడు ఆ ముక్క స్ప్రింగులా, హెలిక్స్‌గా చుట్టుకుంటుంది. కణం సంగతి తెలియాలంటే నీలం రంగు భాగం ఒక్కటే చూస్తే చాలదు.

రెండోది, మ్యుటేషన్లు. సికిల్ సెల్ వ్యాధిలో హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆసిడ్ బదులు వాలీన్ వస్తుంది. ఆ ఒక్క మార్పుతో మళ్ళీ అంచనా వేయించు, మడత ఇంచుమించు అలాగే వస్తుంది. నిజమే, ఆ ప్రోటీన్ మడత మారదు! రోగం మడతలో లేదు. ఆక్సిజన్ వదిలేసిన స్థితిలో ఆ వాలీన్ వెళ్ళి పక్క హీమోగ్లోబిన్ మీద ఉన్న జిడ్డు గుంటలో కూర్చుంటుంది, అలా ఒకదానికొకటి అతుక్కుంటూ పొడుగాటి పోగులు తయారై ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. ఏ స్థితిలో, ఎవరి పక్కన అన్నది తెలిస్తే తప్ప ఆ వాలీన్ చేసే పని కనబడదు.

ఒక ప్రోటీన్‌కి ఒకే నిర్మాణం చేతికిచ్చి అది కణంలో ఏం చేస్తుందో చెప్పమనడం, పెళ్ళి గ్రూప్ ఫొటో చూపించి ఆ ఇంట్లో ఎవరికి ఎవరితో పడదో చెప్పమన్నట్టే. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3 డీఎన్ఏతో, చిన్న అణువులతో కలిపి కూడా అంచనా వేస్తుంది, చాలాసార్లు బాగానే వేస్తుంది. కానీ ఎన్ని స్థితులు ఉన్నాయి, ఏది ఎంతసేపు ఉంటుంది, ఏది దేని తర్వాత వస్తుంది అనేవి ఇంకా ప్రయోగాలు తేల్చాల్సినవే.

ప్రయోగం అంటే ఏంటో కూడా తెలుసుకొని రా, ఎందుకంటే చాలామంది కంప్యూటర్ తెర మీద తిరిగే రంగురంగుల బొమ్మ చూసి వస్తారు. పనిలో ఎక్కువ భాగం ఆ బొమ్మకు ముందే ఉంటుంది. ఈ.కోలైలో ప్రోటీన్ చేయించాలి, సగం సార్లు అది కరగకుండా అడుగున ముద్దగా చేరుతుంది. ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గించి రాత్రంతా పెంచి చూడాలి, ట్యాగ్ (శుద్ధి చేయడానికి ప్రోటీన్‌కి తగిలించే ముక్క) మార్చాలి, ఇంకా వినకపోతే పురుగుల కణాల్లోకో మనిషి కణాల్లోకో మారాలి. పొరలో ఉండే ప్రోటీన్ అయితే డిటర్జెంట్ వేసి బయటకి లాగాలి, ఒక డిటర్జెంట్‌లో బుద్ధిగా ఉన్నది ఇంకోదాంట్లో ఒక్క పూటలో విరిగిపోతుంది. తర్వాత శుద్ధి చేయడం: నికెల్ కాలమ్, జెల్ ఫిల్ట్రేషన్, చివరికి జెల్ మీద ఒకే బ్యాండు రావాలి. ఇదంతా అయ్యాక మొదలయ్యేది స్ట్రక్చర్ పని.

క్రిస్టల్స్ దారి అయితే 24 గుంటల ప్లాస్టిక్ ప్లేటు తీసుకొని, ప్రతి గుంట అంచుకీ గ్రీజు రాసి, అడుగున ఉప్పో పాలీఇథిలీన్ గ్లైకాలో కలిపిన ద్రావణం అర మిల్లీలీటరు పోస్తాం. గుండ్రటి గాజు కవర్‌స్లిప్ మీద ఒక మైక్రోలీటరు ప్రోటీన్, దాని మీదే ఒక మైక్రోలీటరు అడుగు ద్రావణం పెట్టి, బోర్లించి గుంట మీద మూసేస్తాం. బొట్టు గాజుకు వేలాడుతూ ఉంటుంది. బొట్టులో ఉప్పు గాఢత అడుగున ఉన్నదాంట్లో సగమే కాబట్టి నీరు ఆవిరై మెల్లగా కిందికి పోతుంది, ప్రోటీన్ చిక్కబడుతుంది. మరీ త్వరగా చిక్కబడితే గోధుమరంగు గసి, అసలు చిక్కబడకపోతే ఖాళీ బొట్టు, ఆ రెండిటి మధ్య ఎక్కడో ఓ సన్నని సందులో క్రిస్టల్. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అయితే మరుసటి రోజు పొద్దున్నకే మెరిసే పలకలు తేలతాయి, అందుకే కొత్తవాళ్ళకి దాంతోనే నేర్పిస్తాం, సంతోషపడతారు. తర్వాత వాళ్ళ సొంత ప్రోటీన్ పెడతారు, అప్పుడు తెలుస్తుంది. మైక్రోస్కోపులో బ్రహ్మాండమైన క్రిస్టల్ కనిపించిందని ఫోన్ చేసి అమ్మానాన్నలకు చెప్పేముందు సన్న సూదితో దాన్ని తాకి చూడాలి. పుటుక్కున గట్టిగా విరిగితే అది ఉప్పు. మెత్తగా నలిగిపోతే ప్రోటీన్, అంటే శుభవార్తే, కాకపోతే ఆ క్రిస్టల్ పోయినట్టే.

ఎక్స్‌రే కొడితే వచ్చే చుక్కల్లో తీవ్రత మాత్రమే తెలుస్తుంది, ఫేజ్, అంటే ఆ అల ఏ దశలో ఉందన్నది, పోతుంది. సంఖ్యలో సగం సమాచారం పోయినట్టు అనుకో, అది లేకుండా ఎలక్ట్రాన్ సాంద్రత మ్యాప్ కట్టలేం. దీన్ని దాటడానికి మాక్స్ పెరూట్జ్ హీమోగ్లోబిన్ క్రిస్టల్స్‌లో పాదరసం లాంటి బరువైన అణువులు దూర్చాడు, తర్వాతి తరం సెలీనియం వాడింది, ఇప్పుడు చాలాసార్లు ఆల్ఫాఫోల్డ్ మోడల్‌నే పెట్టి ఫేజులు రాబడుతున్నాం. నెలల తరబడి ఇరుక్కుపోయే పని ఒక మధ్యాహ్నంలో తేలిపోవడం నేనే చూశాను. అందుకే మీ బావ మాటలో సగం నిజం ఉందన్నా.

క్రయో-ఈఎం దారిలో క్రిస్టల్ అక్కర్లేదు. మూడు మిల్లీమీటర్ల గ్రిడ్ మీద మూడు మైక్రోలీటర్ల శాంపిల్ వేసి, కాగితంతో అద్ది, ద్రవ ఈథేన్‌లో ఒక్కసారిగా ముంచుతాం. నేరుగా ద్రవ నైట్రోజన్‌లో ముంచకూడదా అని అందరూ అడుగుతారు. నైట్రోజన్ తగలగానే మరిగి గ్రిడ్ చుట్టూ ఆవిరి పొర కట్టేస్తుంది, చల్లబడటం ఆలస్యమై మంచు స్ఫటికాలు వచ్చేస్తాయి. ఈథేన్ అలా చేయదు, నీరు స్ఫటికంగా మారేలోపే గాజులా బిగుసుకుంటుంది. ఆ గాజులో రకరకాల వైపులకు తిరిగి చిక్కుకున్న లక్షల అణువుల మసక బొమ్మలు తీసి, కంప్యూటర్లో ఏది ఎటు తిరిగుందో సరిచూసి కలుపుతాం. ఈ పద్ధతికి 2017లో డుబోషే, ఫ్రాంక్, హెండర్సన్‌లకు నోబెల్ ఇచ్చారు. దీన్ని నేను ఎక్కువ ఇష్టపడటానికి కారణం స్పష్టత కాదు, స్పష్టతలో మంచి క్రిస్టల్ ముందు ఇది చాలాసార్లు తీసికట్టే. ఒకే శాంపిల్‌లో తెరిచి ఉన్నవీ, మూసి ఉన్నవీ, సగం తెరిచినవీ అన్నీ చిక్కుకొని ఉంటాయి, వాటిని వేరుచేసి ఒక్కోదానికి ఒక్కో నిర్మాణం కట్టొచ్చు, ఏ స్థితిలో ఎన్ని ఉన్నాయో కూడా అంచనాకు వస్తుంది. కణం ఎలా పనిచేస్తుంది అన్న ప్రశ్నకి కావలసింది సరిగ్గా అదే. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ క్యాంపస్‌లో దీనికి వాడే టైటాన్ క్రయోస్ అనే మైక్రోస్కోప్ ఉంది, బయటి ల్యాబ్‌ల వాళ్ళూ టైమ్ తీసుకొని వాడుకుంటారు.

గిండీలో ఉన్నావు కాబట్టి ఒక మాట. నువ్వు రోజూ తిరిగే క్యాంపస్‌లోనే జి.ఎన్. రామచంద్రన్ గారు పక్కనే ఉన్న తోళ్ళ పరిశోధన సంస్థ నుంచి కొల్లాజెన్ (చర్మంలో, ఎముకల్లో ఉండే ప్రోటీన్) తెచ్చుకొని, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో దానికి మూడు పేటల హెలిక్స్ నిర్మాణం ప్రతిపాదించారు. 1963లో సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి వేసిన ఆ రెండు కోణాల మ్యాప్, అణువులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా వెన్నెముక ఏయే కోణాల్లో తిరగగలదో చెప్పేది, ఇప్పటికీ ప్రపంచంలో ఏ ల్యాబ్ ప్రోటీన్ నిర్మాణం డేటాబ్యాంకులో పెట్టినా దాని రిపోర్టులో ఉంటుంది. 1970ల మొదట్లో ఆయన బెంగళూరు ఐఐఎస్‌సీకి వచ్చి మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ మొదలుపెట్టారు. గిండీ నుంచి బెంగళూరు దారి నీకన్నా ముందే వేసి ఉంది.

ప్రయోగంలో చూసిన నిర్మాణం బయట ఎంత తేడా తెస్తుందో కోవిడ్‌లో చూశాం. 2020 జనవరిలో వైరస్ సీక్వెన్స్ బయటికొచ్చింది, ఫిబ్రవరికల్లా స్పైక్ ప్రోటీన్ క్రయో-ఈఎం నిర్మాణం వచ్చేసింది. స్పైక్ కణంలోకి దూరేటప్పుడు ఆకారం పూర్తిగా మార్చుకుంటుంది. టీకాకి కావలసింది మార్చుకోకముందు ఆకారం. దాన్ని ఆ ఆకారంలో కట్టిపడేయడానికి ఫలానా చోట ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు పెడితే చాలు అన్నది అంతకు ముందే మెర్స్ వైరస్ మీద నిర్మాణాలు చేస్తూ కనిపెట్టి ఉంచారు. ఫైజర్, మోడెర్నా టీకాలు రెండింట్లోనూ ఆ రెండు ప్రోలీన్లు ఉన్నాయి. ఇక్కడ కూడా పని చేసింది ఒక ఆకారం కాదు, రెండు ఆకారాల మధ్య తేడా.

మరి నువ్వు ఏం చేయాలి? నిర్మాణాలు తేల్చడమే ధ్యేయం అని చెప్పే ల్యాబ్‌కి వెళ్ళకు. అలాంటి ప్రాజెక్టుల్లో నీ ప్రోటీన్‌కి బలమైన అంచనా ఇప్పటికే ఉంటే నీ పీహెచ్‌డీ విలువ సగం తగ్గినట్టే. ఇంటర్వ్యూలో వాళ్ళు నిన్ను అడిగేవి అడుగుతారు, నువ్వు కూడా మొహమాటపడకుండా అడుగు. ఈ ప్రోటీన్ గురించి మీకు తెలియనిది ఏంటి? నిర్మాణం వచ్చాక దాన్ని తేల్చే ప్రయోగం, అంటే కైనెటిక్సో (ప్రతిచర్య వేగాలు కొలవడం), కణాల్లో పరీక్షో, మీ దగ్గరే చేస్తారా, వేరేవాళ్ళ మీద ఆధారపడతారా? మైక్రోస్కోప్ టైమ్ ఎంత తరచుగా దొరుకుతుంది? రెండో ఏడాది చివరకి కూడా ప్రోటీన్ కరగకపోతే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకి నీళ్ళు నమిలే గైడ్ దగ్గర జాగ్రత్త. ఇప్పుడున్న విద్యార్థులతో గైడ్ లేనప్పుడు క్యాంటీన్‌లో టీ తాగుతూ మాట్లాడు, వెబ్‌సైట్‌లో లేనివన్నీ అక్కడే తెలుస్తాయి.

ఈలోపు ప్రోటీన్ నిర్మాణాలు తెరిచి చూసే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్ దించుకో, ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. నీ సబ్జెక్టులో నచ్చిన ఒక ఎంజైమ్ తీసుకొని, డేటాబ్యాంకులో దానికి ఖాళీగా ఉన్నదీ, సబ్‌స్ట్రేటో ఇన్‌హిబిటరో పట్టుకున్నదీ రెండు నిర్మాణాలు తెరిచి ఒకదాని మీద ఒకటి పెట్టి ఏది కదిలిందో చూడు. తర్వాత ఆల్ఫాఫోల్డ్ అంచనా మూడోదిగా పెట్టి అది ఆ రెండిట్లో ఏ స్థితికి దగ్గరగా ఉందో చూడు. కోడింగ్ మీద కూడా చెయ్యి వేయి, పైథాన్ కొంచెం వచ్చినా చాలు, ఈ రంగంలో ఇప్పుడు అది లేకుండా కష్టం. ఈ విషయంలో మీ బావ సాయం తీసుకో, సంతోషంగా నేర్పిస్తాడు.

డబ్బు సంగతి దాచను. జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ మొదటి రెండేళ్ళకి ఇచ్చే ఫెలోషిప్, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత సీనియర్ అయితే 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ లేదా హాస్టల్. మీ బావ జీతంతో పోల్చుకుంటే రోజూ కడుపు మండుతుంది. క్యాంపస్ హాస్టల్ దొరికితే హాయిగానే గడుస్తుంది, బయట గది తీసుకుంటే నెలాఖరు టెన్షన్ తప్పదు, అందుకే ఆఫర్ వచ్చిన రోజే హాస్టల్ గురించి అడుగు. ఇంట్లో నీ జీతం మీద ఆధారపడ్డవాళ్ళు ఉంటే ముందు రెండేళ్ళు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏదైనా బయోటెక్ కంపెనీలో ప్రోటీన్ ప్యూరిఫికేషన్ ఉద్యోగం చేసి కూడా రావచ్చు. అలా వచ్చినవాళ్ళని నేనైతే ఎగిరి గంతేసి తీసుకుంటాను, కాలమ్ మూసుకుపోతే ఏం చేయాలో వాళ్ళకి నేర్పించక్కర్లేదు.